ఎందుకమ్మ కుట్టిన చీకటి

పరదాల దుకాణానికి వచ్చినవాళ్ళు కొలతలు చెప్పేసి చక్కా పోదామనుకుంటారు. ఎందుకమ్మ దగ్గర ఆ పప్పులు ఉడకవు. కిటికీ ఎటు తిరిగి ఉంది, ఎండ పొద్దున పడుతుందా సాయంత్రం పడుతుందా, ఆ గదిలో పడుకునేది ఎవరు, వాళ్ళకు పగటిపూట నిద్రెందుకు, ఇవన్నీ తేలితే గానీ ఆవిడ కత్తెర ముట్టుకోదు. మాటలు వచ్చిన దగ్గర్నుంచీ ప్రతిదానికీ "ఎందుకు?" అని ప్రాణాలు తోడేస్తుంటే విసుగెత్తి వాళ్ళ నాన్న పెట్టిన పేరది. పెళ్ళయ్యాక పోతుందనుకున్నారు. పోలేదు సరికదా, అత్తగారి నోట కూడా అదే స్థిరపడింది. యాభై దాటి మనవరాలిని ఎత్తుకున్నాక కూడా ఎందుకమ్మ ఎందుకమ్మే.

భర్త ఇందుకు పూర్తిగా ఎదురు. ఆయనకు ఏదీ తెలుసుకోవాలని ఉండదు. కుట్టిన పరదాలకు ఇస్త్రీ చేయడం, ఇళ్ళకు వెళ్ళి కడ్డీలు బిగించి రావడం ఆయన పని.

"వాళ్ళ నిద్రతో మనకేం పనే? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అనేవాడు.

"కత్తిపీటకు దురద లేదని మీకెవరు చెప్పారండీ?" అనేది ఆవిడ, నోట్లో గుండుసూదులు పెట్టుకునే.

ఒక వానాకాలం మధ్యాహ్నం, గొడుగు మూయడం రాక తంటాలు పడుతూ ఒకామె దుకాణంలోకి వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. జుట్టు పెన్సిలుతో ముడేసుకుంది. ఊరి చివర పెద్ద ప్రహరీ వెనక ఉన్న పరిశోధనశాలలో పనిచేసే డాక్టరమ్మ. డాక్టరు అన్న మాట చెవిన పడగానే ఇస్త్రీబల్ల దగ్గరున్న భర్త లేచి వచ్చి, మెట్లెక్కితే మోకాలు కలుక్కుమంటోందని మొదలుపెట్టాడు.

"నేను ఆ డాక్టర్ని కాదు బాబాయ్" అందామె నవ్వుతూ.

"మరి ఏ డాక్టరు?"

"రోగం రానివాటికి డాక్టర్ని."

ఆమెకు కావలసింది నల్లగుడ్డ. మామూలు పరదా కాదు, గుడారం లాంటిది. లోపల కొన్ని గాజుదిమ్మెల లాంటి స్ఫటికాలు ఉంటాయట. వాటి మీద బయటి వెలుతురు చుక్క కూడా పడకూడదట.

"ఫోటోలు కడుగుతారా తల్లీ?"

"లేదు పిన్నీ. మేం వెలుతురు మీదే పనిచేస్తాం."

ఎందుకమ్మ చేతిలో టేపు అక్కడే ఆగింది. "వెలుతురు మీద పనిచేసేవాళ్ళకి చీకటెందుకు?"

భర్త ఇస్త్రీపెట్టె కింద పెట్టి, ఇక ఇవాళ్టికి అంతే అన్నట్టు కుర్చీలో కూలబడ్డాడు.

డాక్టరమ్మ బల్ల మీద మోచేతులు ఆనించింది. "మీరు బస్టాండులో నిలబడ్డారు, నేను మీ చెవిలో ఒక రహస్యం చెప్పాను. వినబడుతుందా?"

"అంత గోలలో ఎలా వినబడుతుంది?"

"మా కాంతి కంటికి కనబడేది కాదు. అది వెళ్ళి ఒక అణువు గుండెకాయకు తగిలితే, లోపల్నుంచి సన్నటి ముక్కలు చిందుతాయి. ఆ ముక్క మా స్ఫటికంలో దూరినప్పుడు మిణుకుమని ఒక్క మెరుపు మెరుస్తుంది. అదే ఆ గుసగుస. ఈ బల్బులు, ఎండ, ఇవన్నీ బస్టాండు గోల."

ఎందుకమ్మకు సగం అర్థమైంది. సగం అర్థమైతే ఆవిడకు కడుపుబ్బరం మొదలవుతుంది. పని ఒప్పుకుంది గానీ, కొలతలు మీరు తెచ్చినవి పనికిరావు, నేనే వచ్చి తీసుకుంటానంది. అది వట్టి సాకు. డాక్టరమ్మ తెచ్చిన కొలతలు శుభ్రంగా ఉన్నాయి.

పరిశోధనశాల హాల్లోకి వెళ్ళగానే ఆవిడ తలెత్తి చూసింది. ఇంటి మీద ఇల్లు పెట్టినంత ఎత్తు. ఒక పక్క మనిషి నిలువు కాంక్రీటు దిమ్మెలు పేర్చి కట్టిన గోడ, పైన పట్టాల మీద నడిచే క్రేన్, నేలంతా పాముల పుట్ట పగిలినట్టు తీగలు. మధ్యలో బావి ఒరను పడుకోబెట్టినట్టు ఒక పీపా. దాని చుట్టూ స్ఫటికాలు బిగిస్తున్న మనుషులు ఎవరికి వాళ్ళు తమ భాషలో కేకలేసుకుంటున్నారు. అయిదారు దేశాలవాళ్ళు కలిసి చేస్తున్న పని అని డాక్టరమ్మ చెప్పింది. స్ఫటికాలు ఒకళ్ళవి, తీగలు ఒకళ్ళవి, లెక్కలు ఇంకొకళ్ళవి. కాంతిని తయారుచేసే వజ్రపు రేకు, దాన్ని వెంట్రుకవాసి తిప్పే యంత్రం మాత్రం ఒక గెడ్డమాయనవి.

గెడ్డమాయన సముద్రం అవతలినుంచి వచ్చినవాడు. ఇక్కడి భాష కాపలావాళ్ళ దగ్గరా లారీ డ్రైవర్ల దగ్గరా పట్టుబడింది. కాబట్టి ఎందుకమ్మను చూడగానే కుర్చీ జరిపి, మహా మర్యాదగా, "రావే, కూర్చో" అన్నాడు.

డాక్టరమ్మ తల పట్టుకుంది. ఎందుకమ్మ ముందు ఉలిక్కిపడి, తర్వాత కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది. "చూడు నాయనా, పెద్దవాళ్ళను మీరు అనాలి, గారు అనాలి" అని అక్కడికక్కడే పాఠం చెప్పింది. ఆయన బుద్ధిగా తలూపాడు. ఆ రోజంతా "టేపుగారు ఎక్కడ? నిచ్చెనగారు ఇటు రండి" అంటూనే ఉన్నాడు.

కొలతలు అయ్యాక ఆవిడ అసలు ప్రశ్న అడిగింది. "ఆ కాంతి మామూలు కాంతేనా, ఇంకేదైనానా?"

గెడ్డమాయన ఆవిడ మెడలోని కొలత టేపు అడిగి తీసుకున్నాడు. ఒక కొసను తలుపు గొళ్ళేనికి కట్టి, మధ్యలో నిలువు పుల్లలున్న కుర్చీ వీపును అడ్డం పెట్టాడు. టేపును కిందికీ పైకీ ఊపితే, ఆ అల పుల్లల సందులోంచి పాములా జారి గొళ్ళెం దాకా పోయింది. అటూ ఇటూ ఊపితే పుల్లలకు కొట్టుకుని అక్కడే చచ్చింది.

"మామూలు కాంతి అన్ని వైపులకీ ఊగుతుంది. వజ్రం నుంచి వచ్చేది ఒక్క వైపే" అన్నాడు. ధ్రువిత కాంతి అని దాని పేరట. మిగతాది డాక్టరమ్మ అందుకుంది. కుండ కొనేటప్పుడు తట్టి చూస్తాం కదా, అలాగే అణువు గుండెకాయలో ఉండే ప్రోటాన్‌ని కాంతితో తడతారు. నిలువుగా ఊగే కాంతితో కాసేపు, వజ్రాన్ని తిప్పి అడ్డంగా ఊగే కాంతితో కాసేపు. ముక్కలు ఏ పక్కకు ఎక్కువ చిందాయో లెక్కపెడితే, లోపల అది ఎలా మోగిందో తెలుస్తుంది.

"అంటే బట్ట లాగా" అంది ఎందుకమ్మ తనలో తాను అనుకుంటున్నట్టు. "నిలువునా లాగితే ఒకలా సాగుతుంది, అడ్డంగా లాగితే ఒకలా. సాగే తీరును బట్టి నేత పట్టేస్తాం."

ఇద్దరూ మొహమొహాలు చూసుకుని, దాదాపు అంతే అన్నారు. ఆ "దాదాపు" ఆవిడకు నచ్చలేదు. మిగిలిన కాస్త ఏమిటో తెలియాలి కదా.

గుడారం కుట్టడానికి పది రోజులు పట్టింది. దళసరి నల్లగుడ్డ, రెండు పొరలు, దగ్గర దగ్గర కుట్టు. భర్త చేతులతో సాగదీసి చూసి, "ఇందులోంచి దోమ కూడా దూరదు" అని సర్టిఫికెట్ ఇచ్చాడు. తీసుకెళ్ళి పీపా మీద కప్పారు. దీపాలు వెలిగించేసరికి గొట్టాలన్నీ గగ్గోలు పెట్టాయి. స్ఫటికాల వెనక ఉండే ఆ గొట్టాలు మెరుపును పట్టి అంకెలుగా మారుస్తాయి. కంప్యూటరు తెర మీద అంకెలు పరుగులు తీస్తున్నాయి. ఎక్కడినుంచో వెలుతురు కారుతోంది.

ఎందుకమ్మ మొహం చిన్నబోయింది. దారిలో భర్త ఎంత మాట అంటాడో అనుకుంది. ఆయన నిచ్చెన పట్టుకుని నిలబడి, "దోమ దూరదన్నాను గానీ వెలుతురు సంగతి అనలేదు" అని మాత్రం గొణిగాడు.

డాక్టరమ్మ గొట్టాలు ఆపేయించి, "లోపలికి వెళ్ళి చూద్దాం పదండి పిన్నీ" అంది. ఇద్దరూ పాక్కుంటూ గుడారంలో దూరి పీపా పక్కన చతికిలబడ్డారు. చీకటి. ముందు ఏమీ కనబడలేదు. "కాసేపు ఓపిక పట్టండి, కళ్ళు అలవాటు పడాలి" అంది డాక్టరమ్మ. బయట గెడ్డమాయన పెద్ద టార్చిలైటు పట్టుకుని మెల్లగా చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు.

అప్పుడు కనబడ్డాయి. ఆవిడ వేసిన కుట్టు పొడుగునా, సూది దూరిన ప్రతిచోటా ఒక చుక్క. టార్చి ఎటు కదిలితే అటు వరసలు వరసలుగా వెలుగుతూ, వెనకవి ఆరిపోతూ, నడినెత్తి మీద వంతెన కట్టినట్టు నక్షత్రాలు.

"అబ్బా!" అందావిడ.

బాధపడుతోందేమోనని డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది. "పరవాలేదు పిన్నీ, మేం ముందే చెప్పాల్సింది."

"బాధేముందే పిల్లా! ముప్పై ఏళ్ళుగా కుడుతున్నాను. సూది గుడ్డను చిల్లులు పొడుస్తుందన్న సంగతి ఇవాళ చూస్తున్నాను. ఏమండోయ్, గెడ్డం బాబూ! ఇంకోసారి చుట్టూ తిరగండి!"

ఆయన తిరిగాడు. మూడోసారి కూడా తిరిగాడు. ఆ తర్వాత భర్తను కూడా లోపలికి రమ్మని పిలిచింది గానీ, మోకాలు నెపం పెట్టి ఆయన రాలేదు.

చిల్లులు పూడ్చడం అనుకున్నంత తేలిగ్గా కాలేదు. దారానికి మైనం పట్టిస్తే సరిపోతుందని ఎందుకమ్మ అంది. చుక్కలు తగ్గాయి గానీ పోలేదు. గెడ్డమాయన తమ దేశంలో వాడే నల్లరంగు తెప్పించి పూశాడు. ఆరాక అది అప్పడంలా చిట్లి పెచ్చులు రాలింది. చివరికి ఆవిడ అంచులను ఒకదానిలో ఒకటి దూర్చి మడతలు వేసింది, డాక్టరమ్మ మనుషులు ఆ మడతల మీద నల్ల రబ్బరు పట్టీ అంటించారు. కప్పి చూస్తే గొట్టాలు పాలు తాగిన పసిపాపల్లా గమ్మున పడుకున్నాయి.

కాంతి వదిలే రోజుల్లో హాల్లోకి ఎవరూ పోకూడదు. ఎందుకమ్మ బయటి గదిలో, గాజుకిటికీ అవతల కూర్చుని తెరల మీద కదిలే గీతలు చూసి వచ్చేది. గెడ్డమాయన, డాక్టరమ్మ ఒకే కంచంలో తిని ఒకే బల్ల మీద కునికేవారు. "ఇప్పుడు నిలువు", "ఇప్పుడు అడ్డం" అని ఒకళ్ళకొకళ్ళు కేకలు. వాన వెలిసి చలి వచ్చేసరికి అంతా అయిపోయింది. విదేశాలవాళ్ళు పెట్టెలు సర్దుకున్నారు.

"తేలిందా?" అంది ఎందుకమ్మ, వీడ్కోలు చెప్పడానికి వచ్చిన గెడ్డమాయనతో.

"లేదండీ అక్కగారూ. ఇప్పుడు లెక్కలు. రెండేళ్ళు."

"రెండేళ్ళా! పరదా ఇస్తానన్న రోజు దాటి ఒక్క పూట ఆలస్యమైతే నన్ను తిట్టిపోస్తారు కదయ్యా!"

రెండేళ్ళు అన్నది నాలుగేళ్ళయింది. ఈలోగా భర్త మోకాలికి ఆపరేషన్ అయింది, ఇస్త్రీకి మనిషిని పెట్టుకున్నారు, మనవరాలు బళ్ళో చేరింది. పరిశోధనశాలవాళ్ళు ఎవరు ఎదురుపడినా, కూరగాయల బండి దగ్గరైనా సరే, ఎందుకమ్మ నోట వచ్చే మొదటి మాట "తేలిందా?" అనే. వాళ్ళు నవ్వి తప్పించుకునేవారు. తప్పించుకోవడం ఎందుకో డాక్టరమ్మ కొత్తింటికి పరదాల కోసం వచ్చిన రోజున బయటపడింది.

ఆమె మొహం పీక్కుపోయి ఉంది. రంగులు చూపిస్తుంటే ఏదో ఒకటిలే అంది.

"ఏమైంది తల్లీ?"

"పోట్లాట పిన్నీ."

అవే అంకెలు. గెడ్డమాయన బృందం వాళ్ళ దేశంలో లెక్కకట్టింది, డాక్టరమ్మ బృందం ఇక్కడ లెక్కకట్టింది. అన్నిచోట్లా అతికినట్టు సరిపోయింది. ఒక్కచోట, కాంతి బలం ఫలానా మోతాదులో ఉన్నచోట, వీళ్ళు ముక్కలు నిలువుగా చిందాయంటే వాళ్ళు అడ్డంగా అంటారు. ఎడ్డెమంటే తెడ్డెం. ఎవరి లెక్క వాళ్ళు పదిసార్లు సరిచూసుకున్నారు. ఇప్పుడు ఒకరికొకరు నేరుగా ఉత్తరం ముక్క కూడా రాసుకోవడం లేదు. మధ్యలో ఇంకో దేశంవాళ్ళు రాయబారం నడుపుతున్నారు.

ఎందుకమ్మ కాసేపు ఆలోచించింది. ఆవిడకు ఒక ఊహ తట్టింది. తట్టగానే మొహం వెలిగిపోయింది. "అమ్మాయ్, ఎడమ పరదా అని ఇంట్లోవాళ్ళు చెప్పేది వీధిలోంచి చూస్తే కుడి పరదా. ఆయన అటువైపు నుంచి, నువ్వు ఇటువైపు నుంచి చూస్తున్నారేమో!"

డాక్టరమ్మ నవ్వింది. చాలా రోజులకు నవ్వినట్టుంది. "మొట్టమొదట అనుమానించింది దాన్నే పిన్నీ. కానీ ఎటునుంచి చూసినా నిలువు నిలువే, అడ్డం అడ్డమే కదా?"

ఎందుకమ్మ చారల గుడ్డ ఒకటి లాగి ఎత్తి పట్టుకుని ఇటూ అటూ చూసింది. నిజమే. నిలువు చార వెనకనుంచీ నిలువే. ఊరుకోక గుడ్డను ఐమూలగా తిప్పి పట్టింది. ఈసారి ముందునుంచి కుడికి వాలిన చార, వెనక్కి వెళ్ళి చూస్తే ఎడమకు వాలింది.

"ఐమూలైతే మారుతోందిగా!"

"మారుతుంది. కరెక్టే. కానీ మేం ఐమూలగా తిప్పలేదు పిన్నీ, నిలువూ అడ్డమూ అంతే."

ఎందుకమ్మ గుడ్డ మడిచి పెట్టింది. ఊహ తప్పినందుకు కాస్త ఉసూరుమంది గానీ, అది కాసేపే. ఇంతకుముందు తేలడం లేదనే బెంగ. ఇప్పుడు అది కాకపోతే మరేమిటని కొత్త బెంగ పట్టుకుంది. రాత్రి కంచం ముందు కూడా ఒకటే ధ్యాస. భర్త చూసి చూసి, "ఆ ప్రోటానుకు లేని బాధ నీకెందుకే?" అన్నాడు. అన్నాడే గానీ మర్నాడు ఇస్త్రీ మనిషికి ఈ తగువంతా పూసగుచ్చినట్టు చెబుతుంటే ఎందుకమ్మ మిషను ఆపి విన్నది. ఆయన ఎప్పుడు విన్నాడో, ఎప్పుడు ఒంటబట్టించుకున్నాడో ఆవిడకు అంతుచిక్కలేదు.

ఆ మరుసటి సంవత్సరం అన్ని దేశాలవాళ్ళూ ఈ ఊళ్ళోనే సమావేశమయ్యారు. రెండో రోజు మధ్యాహ్నం దుకాణం ముందు ముగ్గురు దిగారు. డాక్టరమ్మ, నెరిసిన గెడ్డంతో గెడ్డమాయన, వాళ్ళ వెనక ఎందుకమ్మ ఎన్నడూ చూడని ఒక పెద్దావిడ. ఇటూ అటూ రాయబారం నడిపిన దేశంలో లెక్కలు చూసేది ఆవిడేనట. ఇద్దరి లెక్కలనూ పక్కన పెట్టి, ఏది ఎవరిదో తనకు చెప్పొద్దని, మొదటినుంచి అన్నీ తనే మళ్ళీ కట్టిందట.

"తేలింది పిన్నీ" అంది డాక్టరమ్మ గుమ్మంలోనే.

ఎందుకమ్మ కుర్చీలు లాగింది. సరిపోక భర్త తన స్టూలు కూడా ఇచ్చి నిలబడ్డాడు.

లెక్కలావిడ చెబుతుంటే డాక్టరమ్మ అందుకుని వివరించింది. కాంతి తగిలినప్పుడు ప్రోటాన్‌లోంచి ఒక్కోసారి ఒక ముక్క వస్తుంది, ఒక్కోసారి రెండు. పీపాకు ముందు ఒక కంత ఉంటుంది, వచ్చిన కాంతి బయటికి పోవాలి కాబట్టి. రెండు ముక్కలు వచ్చినప్పుడు ఒకటి ఆ కంతలోంచి కాంతి వెంటే జారుకుంటే, మిగిలిన దాన్ని చూసి ఇది ఒంటరి ముక్కే అనుకుంటారు. ఆ దొంగ ముక్కలు చిందే తీరు వేరు. గెడ్డమాయన బృందం వాటిని చాలా మటుకు లెక్కలోకి రానిచ్చింది. డాక్టరమ్మ బృందం వాటిని ఏరిపారేయబోయి, మంచివాటిని కూడా బోలెడు ఊడ్చేసింది.

"అయితే ఒప్పెవరిది?" అన్నాడు భర్త, భార్యకంటే ముందు.

"ఎవరిదీ కాదు బాబాయ్. అక్కడ నిలువూ లేదు, అడ్డమూ లేదు. రెండువైపులా దాదాపు సమానంగా చిందుతున్నాయి. నావైపు ఆవగింజంత మొగ్గు."

"ఆవగింజగారు" అన్నాడు గెడ్డమాయన గంభీరంగా. అందరూ గొల్లుమన్నారు. డాక్టరమ్మ కూడా నవ్వుతూ ఆయన భుజం మీద ఒకటి వేసింది.

ఎందుకమ్మ మాత్రం నవ్వడం మధ్యలో ఆపేసింది. "అటు పక్కా ఇటు పక్కా అంత మొగ్గు ఉండి, ఆ ఒక్కచోట ఎందుకు లేదు?"

లెక్కలావిడ ఏమిటన్నట్టు డాక్టరమ్మ వైపు చూసింది. డాక్టరమ్మ తర్జుమా చేసి చెప్పింది. లెక్కలావిడ చేతులు చాపి, తెలియదన్నట్టు పెదవి విరిచింది.

"అక్కడ రెండు మోతలు కలిసి ఒకదాన్నొకటి మింగేస్తూ ఉండాలి" అంది డాక్టరమ్మ.

"కాదు. అక్కడ ఇంతవరకూ ఎవరూ వినని మోత ఒకటి ఉంది" అన్నాడు గెడ్డమాయన.

"రుజువేదీ?"

"నీ దగ్గర ఉందా?"

మళ్ళీ మొదలైంది. ముందు ఇక్కడి భాషలో, తర్వాత వేరే భాషలో, తర్వాత కత్తిరింపుల బల్ల మీద సుద్దముక్కతో. ఎవరో పడకగది పరదాలు పట్టుకుపోదామని వచ్చి, గుమ్మంలో ఇంతమందిని చూసి జంకారు. భర్త ఎదురెళ్ళి, "రేపు రండి, ఇవాళ లోపల పనుంది" అని పంపించేసి, షట్టరు సగం దించాడు. వచ్చి ఎందుకమ్మ పక్కన నిలబడి, బల్ల మీది గీతల్లో ఒకదాన్ని వేలితో చూపించి, "ఇదేనా మొగ్గు లేనిచోటు?" అని గుసగుసగా అడిగాడు. ఆవిడ అవునంది.

తర్వాతి ప్రయోగానికి ఆవిడ గుడ్డ అక్కర్లేకపోయింది. కుట్టే పనే లేని నల్ల రబ్బరు షీటు తయారుగా దొరుకుతోందట. ఆ మాట చెప్పడానికి డాక్టరమ్మ నసుగుతుంటే, ఎందుకమ్మే అడిగి మరీ చూడటానికి వెళ్ళింది. షీటును మడిచింది, లాగింది, వెలుతురుకేసి పట్టి చూసింది. "నా గుడ్డకంటే బాగుంది" అని ఒప్పుకుంది. తీగలు బయటికి వచ్చేచోట మాత్రం అది వంగనని మొరాయించింది. అక్కడికి చొక్కా చేతుల్లాంటి గుడ్డ తొడుగులు కుట్టి ఇవ్వమన్నారు. ఇంటికి వచ్చి మిషను ముందు కూర్చుంది. భర్త పట్టీలు కత్తిరిస్తున్నాడు. కొత్త పీపాకు ముందువైపు కంత ఈసారి చిన్నదిగా పెట్టారట, ఎంత చిన్నదో రేపు వెళ్ళినప్పుడు అడగాలని ఇద్దరూ అనుకున్నారు.